వాటం

పదకొండింటికి ఎండ వస్తుంది.

రోజూ రాదు. వారానికి రెండు రోజులు, మహా అయితే మూడు. పైకప్పు కిటికీలోంచి జారి కోతబల్ల మీద పడుతుంది — కొలత టేపంత సన్నగా, టేపంత పొడుగ్గా. ఇరవై నిమిషాలు ఉంటుంది. తర్వాత ఎవరో చుట్టి జేబులో వేసుకున్నట్టు మాయమవుతుంది.

ఆ ఊళ్ళో ఎండ చుట్టపుచూపుగా వస్తుంది. కూర్చోమన్నా కూర్చోదు.

బుల్లి ఆ ఇరవై నిమిషాల కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూసేది.

మూడు నెలల శిక్షణ అది. పెళ్ళిబట్టలకు పేరుమోసిన పాత సంస్థ. మూడంతస్తుల ఇల్లు — కింద అద్దాల గది, నడుమ చేతికుట్టు గది, పైన కోతగది. ఫ్యాషన్ కాలేజీ వాళ్ళు పంపితే, పద్దెనిమిదేళ్ళ ఒంటి మీద రెండు స్వెట్టర్లు వేసుకుని, సముద్రాలు దాటి వచ్చింది బుల్లి. దిగింది పిన్ని ఇంట్లో. పిన్ని ఆ ఊరి ఆసుపత్రిలో నర్సు. బాబాయి ఓడల్లో పని — నేల మీద కంటే నీళ్ళ మీద ఎక్కువ ఉండే మనిషి.

వచ్చిన కొత్తలో బుల్లికి ఆ దేశపు భాషలో ఐదు మాటలు వచ్చు.

సూది. గుడ్డ. తిన్నగా. మళ్ళీ. విప్పు.

కోతగదిలో ఆ ఐదూ చాలు. ముఖ్యంగా చివరిది. కోతగది పెద్దావిడ నోట్లోంచి రోజుకు నలభైసార్లు వచ్చే మాట అది. భారీ మనిషి. మెడలో గొలుసుకు కళ్ళజోడు, నడుముకు కత్తెర. కుట్టు చూస్తుంది. గోటితో గీరుతుంది. విప్పు, అంటుంది. బుల్లి ఆవిడకి కత్తెరమ్మ అని పేరు పెట్టేసింది.

బల్లకు అవతల ఇంకో పిల్ల ఉండేది. పొడుగ్గా, జుట్టు పెన్సిలుతో ముడేసుకుని. తనూ శిక్షణకు వచ్చినదే. ఏ దేశమో ఏమో. మూడు రోజులు ఒకళ్ళని చూసి ఒకళ్ళు తలలూపుకున్నారు, అంతే.

నాలుగో రోజు ఆ పిల్ల వేల్లో గుండుసూది దిగింది.

"అబ్బా!" అంది.

బుల్లి చేతిలో సుద్దముక్క కింద పడి రెండయింది.

అబ్బా... ఎన్నాళ్ళయింది ఆ మాట బయట విని. పరాయి వీధిలో ఎవరో వెనక నుంచి పేరు పెట్టి పిలిచినట్టుంది.

"తెలుగా?"

"నువ్వూనా?" వేలు నోట్లో పెట్టుకునే అడిగింది ఆ పిల్ల. "మూడు రోజుల నుంచి బొమ్మల్లా తలలూపుకుంటున్నామే, సిగ్గులేకుండా!"

ఇద్దరూ నవ్వారు. ఆపుకోలేక, బల్ల పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. కత్తెరమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది.

ఆ రోజు ఎండ వచ్చిందో లేదో బుల్లికి గుర్తులేదు.

*

ఆ పిల్లది ఎడమచేతివాటం.

"ఎడమచేతివాటం అని ఎవరు పిలుస్తారే అంత పొడుగ్గా," అంది బుల్లి. "వాటం. చాలు."

"నా వాటం నాది. నీకేం?" అంది వాటం. పేరు మాత్రం ఉంచేసుకుంది.

కత్తెరలకు కుడి ఎడమలుంటాయని బుల్లికి అప్పటిదాకా తెలియదు. అక్కడున్నవన్నీ కుడిచేతి కత్తెరలే. వాటం ఎడమచేత్తో పడితే గుడ్డ రెండు రేకుల మధ్య ముడుచుకునేది. గీతది ఒక దారి, కోతది ఒక దారి. పళ్ళబిగువున కోసేది. బొటనవేలు బొబ్బలెక్కేది. కుట్టు తప్పితే విప్పొచ్చు. కోత తప్పితే ఏముంది విప్పడానికి? కత్తెరమ్మ ఆ ముక్కల్ని వెలుతురుకి ఎత్తి చూసి, నిట్టూర్చి, చెత్తబుట్ట వైపు గడ్డంతో చూపించేది.

వాటం నవ్వేసేది. నవ్వేసి, కిటికీ వైపు తిరిగి నిలబడేది.

ఆ వీపు చూడలేకపోయింది బుల్లి.

ఒక మధ్యాహ్నం బుల్లి కత్తెరమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడింది. మాటలు రావు. ఎడమచెయ్యి ఎత్తింది. రెండు వేళ్ళతో కత్తెర ఆడించింది. ఏడుపుమొహం పెట్టింది. కత్తెరమ్మ నవ్వలేదు. తన బీరువా తెరిచి, అడుగు నుంచి ఒక గుడ్డచుట్ట తీసింది.

అందులో పాత కత్తెర. నల్లటి పిడి. ఎడమచేతిది.

ఎవరిదో చెప్పలేదు. పిడి మీద మాత్రం ఎవరిదో బొటనవేలు ఏళ్ళ తరబడి అరగదీసిన గుంట ఉంది. వాటం వేలు ఆ గుంటలో సరిగ్గా కూర్చుంది.

కోసింది. గుడ్డ నీళ్ళలా విడిపోయింది. ఒక బారెడు. ఇంకో బారెడు. గీత మీది సుద్ద సరిగ్గా సగానికి చీలింది — సగం ఇటు, సగం అటు. వాటం కత్తెర కింద పెట్టి బల్లకు అవతలి నుంచి బుల్లిని చూసింది. ఊరికే, అలా చూసింది.

బుల్లి గుండె గుభేల్మంది.

ఎందుకో తెలియదు. తెలుసు. తెలియదు...

*

కొలతలు తీయడం నేర్చుకోవాలి. ఇద్దరేసి, ఒకళ్ళవి ఒకళ్ళు.

భుజం. చెయ్యి. మణికట్టు చుట్టూ. మెడ చుట్టూ కొలిచేటప్పుడు టేపుకీ మెడకీ మధ్య ఒక వేలు పెట్టాలి — బిగిస్తే బట్ట ఉరి అవుతుంది, వదిలేస్తే జారిపోతుంది. ఒక్క వేలంత చోటు.

వాటం వేలు చల్లగా ఉంది.

"ఊపిరి తీసుకో."

"తీసుకున్నా."

"మరి వదలవేంటి?"

బుల్లి వదిలింది. టేపు మీద అంకె మారింది. వాటం చదివిన అంకె తప్పు, రాసిన అంకె ఇంకో తప్పు. మళ్ళీ కొలవాల్సి వచ్చింది. కత్తెరమ్మ అటునుంచి, మళ్ళీ, అని అరిచింది. ఆ మాట ఆ ఒక్కరోజు తియ్యగా వినిపించింది బుల్లికి.

ఆ మూడంతస్తుల ఇంటి వెనక నది. నది పక్కన బెంచీలు. మధ్యాహ్నపు విరామంలో డబ్బాలు పట్టుకుని అక్కడికి పోయేవాళ్ళు. చెట్లు పచ్చబారి, ఎర్రబారి, ఒక్కొక్క ఆకూ వదులుతున్న రోజులు. గాలి వీస్తే ఆకులన్నీ ఒక్కసారి లేచి, ఎటు పోవాలో తెలియనట్టు తిరిగి, నీళ్ళ మీద వాలేవి. వాటం వాళ్ళ నాన్న బస్సు కండక్టరు. ఇంటికి అప్పటికే రెండుసార్లు సంబంధాల వాళ్ళు వచ్చి వెళ్ళారు. మూడోసారి వచ్చేలోగా ఈ దేశం వచ్చి పడింది. ఈ సంస్థలో శిక్షణ పిల్లల్లో ఒకరికి ఏడాదిపాటు పని ఇస్తారు. ఆ ఏడాది కావాలి వాటానికి. ఆ ఏడాది దొరికితే ఊపిరి దొరికినట్టే.

"నీకూ కావాలా?" అని అడిగింది ఒకరోజు.

"నాకెందుకు? మా అమ్మ రోజులు లెక్కపెట్టుకుంటోంది. నీకే వస్తుంది చూడు."

నిజంగానే వచ్చేట్టుంది. నల్లపిడి కత్తెర చేతికొచ్చాక కత్తెరమ్మ వాటం కోతను గోటితో గీరడం మానేసింది. ఖరీదైన పట్టు కూడా ఇచ్చి కొయ్యమంటోంది.

"నీకొకటి చెప్పాలి," అంది వాటం, నీళ్ళవైపు చూస్తూ. "నవ్వకూడదు."

"నవ్వను."

"అదే. నువ్వు నవ్వితే నా కోత వంకర పోతోంది."

"నీ కోత మొదటి నుంచీ వంకరేగా!"

"కత్తెర వచ్చాక కూడా, బుల్లీ." గొంతు మారింది. "అందరి ముందూ తిన్నగా పోతుంది. నువ్వు నవ్వితేనే..."

గాలి వచ్చింది. ఆకులు లేచాయి.

బుల్లి నవ్వలేదు. బెంచీ మీద ఉన్న వాటం ఎడమచేతి పక్కన తన కుడిచెయ్యి పెట్టింది. చిటికెనవేలికి చిటికెనవేలు తగిలింది. ఇద్దరూ తీయలేదు. ఎదురుగా నది పోతూనే ఉంది.

ఆ సాయంత్రం పిన్ని తలుపు తీసి, "ఏమే, మొహం అలా వెలిగిపోతోంది? జీతం ఇచ్చారా ఏంటి, ఊరికే పనిచేయించుకునే వాళ్ళు!" అంది.

బుల్లి నవ్వింది. నవ్వుతూనే భయపడింది.

పిన్ని అంటే భయం కాదు. పిన్ని చేతుల మీద పెరిగింది తను. ఆకలేస్తే నోటికంటే ముందు నీ మొహం చెప్తుందే అనేది పిన్ని. అదీ భయం — ఆకలి ఒక్కటే చెప్తుందా మొహం?

*

ఆ ఏటి పెద్ద పని ఒక పెళ్ళికూతురి గౌను. ఆ అమ్మాయి ఎక్కడో దూరాన ఉంది. కొలతలు వచ్చాయి. బుల్లి కొలతలకూ వాటికీ అర అంగుళమే తేడా.

అందుకని ఆమె బదులు బుల్లి నిలబడాల్సి వచ్చింది.

ముందు ముతకగుడ్డతో నమూనా. తర్వాత అసలు పట్టు. అద్దాల గదిలో మూడు నిలువుటద్దాలు, మధ్యలో చిన్న పీట. పీట మీద బుల్లి — ఒంటినిండా తెలుపు. ఎవరిదో పెళ్ళి. ఎవరిదో రేపు. కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద వాటం, నోటినిండా గుండుసూదులు, అంచు మడిచి సూది గుచ్చుతోంది. కత్తెరమ్మ పైకి వెళ్ళింది దారం కోసం.

సూదులు పెదాల మధ్య ఉంటే మాట్లాడలేరు. వాటం కళ్ళెత్తి చూసింది.

వాటం జుట్టులో తెల్ల దారప్పోగు ఒకటి చిక్కుకుంది. బుల్లి వంగి తీసింది. తీశాక కూడా చెయ్యి అక్కడే ఉండిపోయింది. జుట్టు మీద. చెంప పక్కన.

ఎంతసేపు? సూది గుచ్చినంతసేపు... అంతకంటే కాస్త ఎక్కువ.

తలెత్తేసరికి అద్దంలో పిన్ని.

మూడు అద్దాల్లో ముగ్గురు పిన్నులు. ముగ్గురి చేతుల్లోనూ బుల్లి పొద్దున మరిచిపోయిన కోటు.

పిన్ని కోటు కుర్చీ మీద పెట్టింది. మడత సరిచేసింది. "చలిగా ఉంది. వేసుకునిరా," అని వెళ్ళిపోయింది.

బుల్లికి ఆ పట్టు ఒంటి మీద మంచుగడ్డలా తగిలింది.

సాయంత్రం వంటింట్లో పిన్ని గిన్నెలు తోముతోంది. తోమినవే మళ్ళీ తోముతోంది.

"ఏంటే అది?"

"ఏది పిన్నీ?"

"నన్ను ఏది అని అడక్కు. పదహారేళ్ళుగా, అక్కడా ఇక్కడా, ఆసుపత్రుల్లో మనుషుల మొహాలే చదువుతున్నా నేను."

నీళ్ళు పారుతున్నాయి. పిన్ని కొళాయి కట్టలేదు.

"మీ అమ్మ నిన్ను నా చేతిలో పెట్టింది. ఉన్నదాన్ని ఉన్నట్టు తిరిగి అప్పజెప్పాలి నేను. అర్థమవుతోందా?"

నేను ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాను పిన్నీ... అనాలనుకుంది బుల్లి. పిన్ని అరిచుంటే బాగుండేది. తిట్టుంటే తనూ ఎదురు తిట్టేది. పిన్ని కొళాయి కట్టేసి, బుల్లికి అన్నం వడ్డించింది.

బుల్లి తిన్నది.

*

రెండు రోజుల తర్వాత కత్తెరమ్మ పిలిచింది. పక్కన లెక్కలు చూసే అమ్మాయి. ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు, అందుకని.

మీ పిన్ని వచ్చి వెళ్ళింది, అన్నారు. ఆ పొడుగు పిల్ల నిన్ను పని చెయ్యనివ్వడం లేదట. కబుర్లతో కాలం గడిపిస్తోందట. నిన్ను వేరే గదిలోకి మార్చమంది.

నిజమేనా?

కాదు, అనాలి. ఒక్క మాట. రెండక్షరాలు.

కాదంటే, మరి మీ పిన్ని ఎందుకలా చెప్పింది అంటారు. ఎందుకో చెప్పాలి. చెప్తే ఆ మాట మెట్లు దిగుతుంది. వీధి దాటుతుంది. సముద్రం దాటి అమ్మ దగ్గరికి పోతుంది. పేపరు చదువుకుంటున్న నాన్న దగ్గరికి పోతుంది...

బుల్లి తల ఊపింది.

నిలువుగా.

అంతే. తల ఊపడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ రోజే బుల్లిని నడిమి అంతస్తుకు, చేతికుట్టు గదికి మార్చారు. పూసలు గుచ్చే పని. బియ్యపుగింజలో సగం ఉంటాయి. తెల్లటివి, వేలకు వేలు.

మెట్ల మీద వాటం ఎదురుపడింది. పైనుంచి దిగుతోంది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. పెన్సిలు చేతిలో ఉంది.

"నేను నీ పనికి అడ్డమొచ్చానా?"

బుల్లి గోడవైపు చూసింది.

"నాకేం చెప్పారో తెలుసా? నువ్వే ఒప్పుకున్నావట. నేను నమ్మలేదు. నీ నోటితో నువ్వు చెప్పు. ఒప్పుకున్నావా?"

కింద ఎవరో తలుపు తీశారు. చల్లగాలి మెట్లెక్కి వచ్చింది.

"అవును," అంది బుల్లి.

వాటం ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. బుల్లిని దాటుతున్నప్పుడు, తగలకుండా, గోడకు ఒదిగి మరీ దిగింది.

*

మంచు మొదలైంది. చెట్లకు ఆకుల్లేవు. నది మీద పొగ.

పొద్దున పిన్ని వచ్చి దింపుతుంది. సాయంత్రం పిన్ని వచ్చి తీసుకెళ్తుంది. డ్యూటీలు మార్చుకుని మరీ. దారిలో ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటారు — చలి గురించి, బాబాయి ఓడ గురించి, అమ్మ ఫోను గురించి. మాటలకేం లోటు లేదు.

చేతికుట్టు గది పైకప్పే కోతగది నేల. పాత చెక్క. పైన ఏం జరిగినా కిందికి వినిపిస్తుంది.

బుల్లి తల వంచుకుని పూసలు గుచ్చుతూ వింటుంది.

చాలా కత్తెరలు. అందులో ఒకటి వాటానిది. మూడు పొడుగు కోతలు, ఒక ఆగుడు. మూడు పొడుగు కోతలు, ఒక ఆగుడు. ఆ ఆగుడులో వాటం నుదుటి మీది జుట్టు మణికట్టుతో వెనక్కి తోసుకుంటుంది. చూడకపోయినా కనిపిస్తుంది.

ఒక గురువారం ఆ చప్పుడు ఆగిపోయింది.

శుక్రవారం కూడా లేదు.

పక్కన పూసలు గుచ్చే ఆవిడ — బుల్లికి అప్పటికి ఆ భాష కొంచెం అర్థమవుతోంది — చెప్పింది. ఏడాది పని ఇంకో పిల్లకు ఇచ్చేశారట. పొడుగు పిల్లది మంచి చెయ్యే. కానీ పక్కవాళ్ళని పని చెయ్యనివ్వదని కాగితంలో రాశారట. అలాంటి కాగితం పెట్టుకుని ఇక ఎక్కడ అడుగుతుంది పాపం? సోమవారం పొద్దున బస్సుకి విమానాశ్రయానికి పోతుందట.

బుల్లి చేతిలోంచి పూసల గిన్నె జారింది.

తెల్లటి పూసలు. నేలంతా. బీరువాల కిందికి, కుర్చీల కిందికి, మెట్ల దాకా.

ఒంగి ఏరడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. పది... ఏరుతూ ఏరుతూ మోకాళ్ళ మీద కూలబడింది. పూసలావిడ వచ్చి భుజం పట్టుకుని లేపబోయింది. పూసల కోసం కాదు ఏడుపు అని ఆవిడకి ఎలా చెప్పడం?

లేచింది. మొహం తుడుచుకుంది. పైకి వెళ్ళింది.

కోతగదిలో పదకొండుమంది ఉన్నారు. అందరూ తలెత్తారు. లెక్కలమ్మాయి లేదు. ఇంగ్లీషు లేదు. బుల్లి దగ్గర ఉన్నవి ఒక యాభై మాటలు — అన్నీ బట్టల మాటలే. ప్రేమని ఏమంటారో, భయాన్ని ఏమంటారో, సిగ్గుని ఏమంటారో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"ఆ పిల్ల తిన్నగా," అంది. "నేను వంకర."

కత్తెరమ్మ కళ్ళజోడు తీసింది.

"పిన్ని మాట — తప్పు కుట్టు. నా తల..." ఊపి చూపించింది. "తప్పు కుట్టు. విప్పాలి."

ఎందుకు, అన్నట్టు కత్తెరమ్మ చెయ్యి తిప్పింది.

బుల్లి నోరు తెరిచింది. మాట లేదు. బల్ల మీద ఒక జాకెట్టు ముక్కలు కోసి ఉన్నాయి. ముందుభాగం, వెనకభాగం. రెండూ చేతుల్లోకి తీసుకుంది. అంచుకు అంచు చేర్చింది. చేర్చి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పట్టుకునే నిలబడింది. వదల్లేదు.

గదిలో ఒక్క కత్తెరా ఆడలేదు.

కత్తెరమ్మ ఒక మాట అంది. బుల్లికి తెలియని మాట. మళ్ళీ అంది, నెమ్మదిగా, చిన్నపిల్లలకు నేర్పినట్టు.

బుల్లి పలికింది.

కత్తెరమ్మ ఉచ్చారణ సరిదిద్దింది. బుల్లి మళ్ళీ పలికింది. ఈసారి సరిగ్గా వచ్చింది.

"చోటు ఇచ్చేశాను," అంది కత్తెరమ్మ. గొంతు ఎప్పటిలాగే కరుకు. "అది కోత. ఏం చెయ్యలేను." కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనిపించింది. "కాగితం కుట్టు. అది విప్పుతాను."

*

ఇంటికి వెళ్ళే దారిలోనే పిన్నికి చెప్పేసింది. వంతెన మీద. నడుస్తూ నడుస్తూ. ఆగితే చెప్పలేనని.

అంతా చెప్పింది. బెంచీ, చిటికెనవేలు, తల ఊపడం, మెట్ల మీద అవును అనడం. ఏడాది పని పోవడం.

పిన్ని అక్కడే ఆగిపోయింది.

"పని పోయిందా? ఆ పిల్లకి?"

"ఊఁ."

"గది మారుస్తారనుకున్నానే... అంతే అనుకున్నా." పిన్ని వంతెన కమ్మీ పట్టుకుంది. చేతికి తొడుగుల్లేవు. "నా కడుపున పుట్టిన దానిలాంటి దానివని నిన్ను కాపాడుకోబోయి, ఎవరి కడుపునో పుట్టిన పిల్ల గొంతు కోశానా..."

కింద నీళ్ళ మీద పలచగా మంచు పేరుకుంటోంది.

"నేను ఒప్పుకున్నాననుకోకు," అంది పిన్ని చివరికి. "నాకు అర్థం కాదు ఇది. మీ అమ్మకి ఏం చెప్పాలో అంతకన్నా తెలీదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ అబద్ధం నాది."

"నేను కూడా తల ఊపాను పిన్నీ."

పిన్ని చెయ్యెత్తింది. కొడుతుందేమో అనుకుంది బుల్లి. బుల్లి కోటు పైగుండీ పెట్టి, ఉన్ని టోపీ చెవుల మీదికి లాగింది.

సోమవారం పొద్దున పిన్ని దింపడానికి రాలేదు. "నాకు డ్యూటీ ఉంది," అంది, గోడ మీది గడియారం వైపు చూస్తూ. "నువ్వు ఎటు పోతావో పో."

డ్యూటీ లేదని ఇద్దరికీ తెలుసు.

*

బస్సు ఆగే చోట వాటం ఒక్కతే ఉంది. పక్కన పెట్టె. తలకి గులాబీరంగు ఊలు శాలువా. రోడ్డు చివరికి చూస్తోంది.

బుల్లి పరుగున వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది.

"కాగితం మార్చారు," అంది వాటం, ఇటు తిరగకుండా. "నిన్న హాస్టలుకి తెచ్చి ఇచ్చింది. కత్తెరమ్మే. నువ్వు ఏం చేశావో కూడా చెప్పింది. జాకెట్టు ముక్కలు పట్టుకుని నిలబడ్డావట."

"ఊఁ."

"జాకెట్టుకి చెప్పావు. కత్తెరమ్మకి చెప్పావు. పదిమంది ముందు చెప్పావు." ఇప్పుడు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మెట్ల మీద నేను అడిగినప్పుడు నాకు చెప్పలేకపోయావు."

బుల్లి పెట్టె వైపు చూసింది.

"మా నాన్నకి ఫోన్ చేశా. వస్తున్నానని. ఆయన ఎంత సంబరపడ్డాడో తెలుసా? మూడోసారి సంబంధాల వాళ్ళు ఎల్లుండి వస్తున్నారట. మంచి ముహూర్తానికి వస్తున్నావమ్మా అన్నాడు."

గాలి వీచింది. రాలడానికి ఒక్క ఆకైనా లేని చెట్లలోంచి, ఊరికే, గాలి.

బుల్లి నాలుగడుగులూ వేసింది.

కత్తెరమ్మ నేర్పిన మాట చెప్పింది. సరిగ్గా పలికింది. మూడు రోజులుగా అద్దం ముందు పలికిన మాట.

వాటం మొహం కదిలింది. నవ్వబోయిందో, ఏడవబోయిందో.

"తెలుగులో చెప్పు."

"..."

"ఆ భాషలో నాకొద్దు. అది వాళ్ళ మాట. ఎవరైనా పలుకుతారు. తెలుగులో చెప్పు, బుల్లీ. రేపు మా నాన్న ముందు కూర్చున్నప్పుడు నాకు గుర్తుండాలి కదా, ఎవరైనా నాతో ఒకటి అన్నారని."

బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. లోపలి వెచ్చదనం ఇద్దరి మొహాల మీదికీ వచ్చింది. డ్రైవరు పెట్టెవైపు చూశాడు, వాటంవైపు చూశాడు.

వాటం కదల్లేదు.

తలుపు మూసుకుంది. బస్సు వెళ్ళిపోయింది.

"తర్వాతది ఎక్కుతా," అంది వాటం.

"ఎంతసేపటికి?"

"పన్నెండు నిమిషాలకి. దానికంటే లేటైతే విమానం అందదు."

పెట్టె మీద వాటం కూర్చుంది. కాస్త జరిగింది. ఇంకో మనిషికి చోటు ఉండీ లేనట్టుగా. బుల్లి కూర్చుంది.

అమ్మ కళ్ళ ముందు కదిలింది. నాన్న పేపరు కదిలింది. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాష. జ్వరమొస్తే మూలిగిన భాష, దెబ్బలాడిన భాష, జోకులేసిన భాష. ఆ మాట మాత్రం అందులో ఎన్నడూ ఒక్కసారైనా నోటితో అనలేదు — ఎవరితోనూ.

వాటం తొందరపెట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా చూస్తూ, ఎదురుచూస్తోంది.

స్టాపులోని బోర్డు మీద పన్నెండు నిమిషాలు పదకొండయింది.

"నువ్వంటే..." అంది బుల్లి.